15 వేల బడ్జెట్: ఆటోమేటిక్ తీసుకోవాలా, సెల్ వాచీ చాలా? తిరుపతి వాళ్లు చెప్పండి

రేణిగుంట_రైడర్
అందరికీ నమస్కారం. నేను రేణిగుంట దగ్గర ఫ్యాక్టరీలో షిఫ్టు పని చేస్తాను, ఇల్లు కొర్లగుంట వైపు. చేతికి ఒక మంచి వాచీ కొనుక్కోవాలని ఎప్పటినుంచో ఉంది, 15 వేల దాకా పెట్టగలను. షాపులో ఒకాయన ఆటోమేటిక్ (చెయ్యి కదిలితే తనంతట తనే స్ప్రింగు చుట్టుకునేది) తీసుకోండి, జీవితాంతం సెల్ మార్చే పని లేదంటాడు. పక్క కౌంటర్ ఆయన అది టైము తప్పుతుంది, కొన్నేళ్లకోసారి సర్వీసింగ్‌కి డబ్బులు పోయాలి, క్వార్ట్జ్, అంటే సెల్ వాచీ, తీసుకుని హాయిగా ఉండండి అంటాడు. నాకు ఒక్క వాచీ చాలు. రోజూ పెట్టుకుంటాను, బండి మీద పోయేటప్పుడు కూడా. వెనక అద్దంలోంచి చక్రాలు తిరుగుతూ కనిపించే ఆటోమేటిక్ చూశాక మనసు అటే లాగుతోంది, కానీ అంత డబ్బు పెట్టాక బాధపడకూడదు. వాడినవాళ్లు చెప్పండి.

ఈసీఈ_మాస్టారు
టైము చూసుకోవడానికే అయితే రెండో ఆలోచన వద్దు తమ్ముడూ, క్వార్ట్జ్. నేను ఇంజినీరింగ్ కాలేజీలో ఎలక్ట్రానిక్స్ చెబుతాను, ఏటా పిల్లలకు ఒక పాత సెల్ వాచీ విప్పి చూపిస్తాను. లోపల బియ్యపుగింజంత గొట్టంలో, రెండు కొమ్ముల ఆకారంలో కోసిన క్వార్ట్జ్ ముక్క ఉంటుంది. కరెంటు తగిలితే అది సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. ఆ అంకెను కావాలనే పెట్టుకున్నారు, రెండును పదిహేనుసార్లు వేసి గుణిస్తే వచ్చేది అదే. చిప్ దాన్ని పదిహేనుసార్లు సగానికి సగం చేసుకుంటూ పోతే చివరికి సెకనుకు ఒక్క పల్స్ మిగులుతుంది, ఆ పల్స్‌కి చిన్న మోటారు ఒక్క అడుగు వేస్తుంది, ముల్లు టక్కుమని కదులుతుంది. అంతే.

మామూలు క్వార్ట్జ్ నెలకు 15 సెకన్లు అటూ ఇటూ పోతుంది. ఆటోమేటిక్ ఆ 15 సెకన్లూ ఒక్కరోజులో పోగొట్టుకుంటుంది. మొదటి క్వార్ట్జ్ చేతి వాచీ సీకో ఆస్ట్రాన్, 1969 డిసెంబరు 25న జపాన్‌లో అమ్మకానికి వచ్చింది, అప్పట్లో దాని ధరకు ఒక చిన్న కారు వచ్చేది. ఇవాళ అంతే కచ్చితమైన టైము వందల రూపాయల్లో దొరుకుతోంది. దీన్ని చవకబారు వస్తువు అంటే నాకు నిజంగా బాధేస్తుంది.

పాతగడియారం_చిత్తూరు
మాస్టారు చెప్పిన లెక్క కరెక్టే. కానీ ఆ అబ్బాయి అడిగింది రోజూ పెట్టుకునే ఒక్క వాచీ గురించి, లెక్క ఒక్కటే సరిపోదు. నేను చిత్తూరులో ట్రెజరీలో చేసి రిటైరయ్యాను. ఉద్యోగంలో చేరినప్పటినుంచీ నా చేతికి హెచ్‌ఎంటీ జనతానే ఉంది, పొద్దున్నే కాఫీ తాగేటప్పుడు కీ ఇస్తాను, మర్నాడు మళ్లీ అదే వేళకు. రోజుకు ఇరవై సెకన్ల లోపు ముందుకు పోతుంది. రోజుకు 86,400 సెకన్లు కదా, అందులో ఇరవై అంటే వందకు పావలా వంతు కూడా కాదు. పంచాంగంలో విఘడియ అంటే 24 సెకన్లు, నా వాచీ తప్పు ఒక్క విఘడియ కూడా ఉండదు. ఆ మాత్రం తేడాకి ఎవరి ముహూర్తమూ తప్పదు.

ఇంకోటి నాయనా. స్ప్రింగు వాచీ ఆగితే ఎందుకు ఆగిందో చూసి చెప్పగలరు. నూనె ఎండిందా, దుమ్ము పడిందా, స్ప్రింగు తెగిందా అని. చిప్ పోతే ఎవరూ కారణం చెప్పరు, మిషన్ మార్చాలి సార్ అంటారు.

ఘాట్‌రోడ్డు_స్టీరింగ్
నేను కొండకు టాక్సీ తిప్పుతాను. మాకు టైము ఎంత ముఖ్యమో తిరుపతి వాళ్లకు చెప్పక్కర్లేదు. అలిపిరి చెకింగ్ దాటాక 28 నిమిషాలకంటే ముందు పైకి చేరకూడదు, దిగేటప్పుడు 40 నిమిషాలు. నా చేతికి ఆటోమేటిక్ ఉంది, దానివల్ల ఎప్పుడూ ఇబ్బంది పడలేదు, ఎందుకంటే ఆ అరగంటలో అది తప్పేది ఒక సెకను కూడా ఉండదు. రోజు మొత్తానికి కదా 20 సెకన్లు.

వార్డు_డ్యూటీ
నర్సుగా చెబుతున్నాను. మాకు సెకన్ల ముల్లు కావాలి, అదీ టక్ టక్ అని సెకనుకోసారి ఆగి కదిలేది. పల్స్ చూసేటప్పుడు పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణిస్తాం, లేదా అర నిమిషం లెక్కపెట్టి రెండుతో. ఆటోమేటిక్‌లో ముల్లు జారుతూ పోతుంది, ఒక కన్ను దానిమీద, మనసు పేషెంటు నాడి మీద పెట్టి లెక్కపెట్టడం కష్టం. తెల్ల డయల్, పన్నెండు అంకెలూ నల్లగా స్పష్టంగా, కడిగితే పాడవని బెల్టు. చెయిన్ సందుల్లో మురికి చేరుతుంది, మాకు పనికిరాదు. కొన్ని వార్డుల్లో మణికట్టుకు ఏమీ ఉండకూడదు, అక్కడ జేబుకు పిన్నుతో తగిలించుకునే వాచీ పెట్టుకుంటాం, అదీ క్వార్ట్జే. రేణిగుంట తమ్ముడి పనికి ఏది కావాలో తమ్ముడే చూసుకోవాలి. ఎవరి పని ఏంటో అడక్కుండా ఇది బెస్టు అది బెస్టు అనడం నాకు నచ్చదు.

రేణిగుంట_రైడర్
అక్కా, నాది మిషన్ దగ్గర నిలబడే పని కాదు, క్వాలిటీ చెకింగ్. చేతులు కడుక్కోవడం ఎక్కువ. మూడు షిఫ్టులు మారతాయి.

గాంధీరోడ్డు_బెంచి
ఇప్పుడు నేను చెబుతాను. గాంధీ రోడ్డు పక్క సందులో మా నాన్న బెంచి, ఇప్పుడు నేను కూర్చుంటున్నాను. రెండు రకాలూ నా చేతిమీదుగానే పోతాయి, ఒకటి అమ్మితే లాభం ఇంకొకటి అమ్మితే నష్టం అని నాకు లేదు, నేను అమ్మను, బాగుచేస్తాను.

ముందు ఆ షాపాయన చెప్పిన జీవితాంతం మాట సంగతి. ఆటోమేటిక్‌కి సెల్ అక్కర్లేదు, నిజం. కానీ లోపల పళ్లచక్రాలు తిరిగే చోట చుక్క చుక్క నూనె ఉంటుంది, అది నాలుగైదేళ్లకు ఎండిపోతుంది లేదా జారిపోతుంది. వాచీ అప్పటికప్పుడు ఆగదు, మెల్లగా ఒంట్లో బలం తగ్గినట్టు అవుతుంది, రాత్రి తీసిపెడితే పొద్దున్నకి ఆగిపోతుంది. అప్పటికీ పట్టించుకోకుండా ఏళ్లకేళ్లు తిప్పితే ఇరుసులు అరిగిపోతాయి, అప్పుడు ఖర్చు. 17 జువెల్స్, 21 జువెల్స్ అని డయల్ మీద రాసేది ఆ ఇరుసులు తిరిగే గుంటల్లో పెట్టే కెంపురాళ్ల లెక్క. ఫ్యాక్టరీలో తయారుచేసిన కెంపులే, అమ్ముకుంటే ఏమీ రాదు, కానీ ఇత్తడిలా అరగవు.

క్వార్ట్జ్ వాచీలు నా దగ్గరకు వచ్చేది ఎక్కువగా సెల్ అయిపోయి. ఇందులో జనం చేసే నష్టం ఒకటుంది, దయచేసి అందరూ వినండి. ఆగిపోయిన సెల్ వాచీని అలాగే బీరువాలో పడేస్తారు. రెండు మూడేళ్లకు ఆ సెల్ కారుతుంది. నేను వెనక మూత తీస్తే లోపల తెల్లటి, పచ్చటి పొడి పేరుకుని ఉంటుంది, సెల్ కూర్చునే రేకు తినేసి ఉంటుంది, ఒక్కోసారి వెంట్రుకకంటే సన్నగా ఉండే కాయిల్ తీగ కూడా తెగిపోయి ఉంటుంది. వాడకపోతే సెల్ తీయించి పెట్టుకోండి. సెల్ వేయించేటప్పుడు దాని మీద ఎస్‌ఆర్ అని ఉందో ఎల్‌ఆర్ అని ఉందో చూడండి. ఎస్‌ఆర్ అంటే సిల్వర్ ఆక్సైడ్, 1.55 వోల్టులు చివరిదాకా నిలకడగా ఇస్తుంది. ఎల్‌ఆర్ ఆల్కలైన్, చవక, కారే గుణం ఎక్కువ. లేడీస్ వాచీల్లో, మామూలు జెంట్స్ వాచీల్లో చాలావరకు పట్టేది 626 సైజు. ఆ కొద్ది డబ్బుల తేడాకి చూసుకోవద్దు.

సెకన్ల ముల్లు ఉన్నట్టుండి రెండేసి, నాలుగేసి సెకన్లు కలిపి దూకుతుంటే చాలా కంపెనీల వాచీల్లో అది సెల్ అయిపోవస్తోందని గుర్తు. వాచీ చెడిపోయిందని పారేయకండి.

ఈసీఈ_మాస్టారు
చాలా మంచి మాట అన్నా, ఎస్‌ఆర్ సంగతి నేను క్లాసులో కూడా చెబుతాను.

కుప్పం_సేకరణ
చర్చ బాగుంది. నేను వాచీలు పోగుచేస్తాను, ఎక్కువ మన దేశంలో తయారైనవే. ఈ రెండు రకాల గొడవ మన ఇళ్లలోనే ఎలా నడిచిందో కొంచెం చెబుతా.

హెచ్‌ఎంటీ 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో బెంగళూరులో వాచీలు మొదలుపెట్టింది. మన నాన్నల తరంలో పెళ్లికొడుక్కి పెట్టిన వాచీ అంటే అదే, దానికోసం సిఫార్సులు చేయించుకున్న రోజులున్నాయి. మన హైదరాబాద్ ఆల్విన్ కూడా సీకోతో కలిసి వాచీలు చేసింది, ఇప్పటి పిల్లలకు ఆల్విన్ అంటే ఫ్రిజ్ అని కూడా తెలియదు. తర్వాత 1984లో టాటాలు, తమిళనాడు ప్రభుత్వ సంస్థ టిడ్కో కలిసి టైటాన్ పెట్టారు. ఫ్యాక్టరీ హోసూరులో, మా కుప్పానికి పెద్ద దూరం కాదు. వాళ్లు క్వార్ట్జ్ మీద గట్టిగా నిలబడ్డారు, అందమైన షోరూములు పెట్టారు, వాచీ అంటే టైము చూసుకునే సామాను మాత్రమే కాదు, నగలాగ పెట్టుకునేది అని నేర్పారు. హెచ్‌ఎంటీ కూడా క్వార్ట్జ్ చేసింది కానీ ఆ వేగం అందుకోలేకపోయింది, 2016లో వాచీల విభాగం మూసేయాలని ప్రభుత్వం నిర్ణయించింది.

మాస్టారుగారు క్వార్ట్జ్‌ని చులకన చేయొద్దన్నారు, నేను పూర్తిగా ఒప్పుకుంటా. టైటాన్ ఎడ్జ్ చూడండి, మొత్తం వాచీ మందం 3.5 మిల్లీమీటర్లు, లోపలి మిషన్ 1.15 మిల్లీమీటర్లు. హోసూరులో మనవాళ్లు చేసింది. నా పెట్టెలో అన్ని కీ వాచీల మధ్య అది కూడా గౌరవంగానే ఉంటుంది.

పాతగడియారం_చిత్తూరు
కుప్పం బాబూ, హెచ్‌ఎంటీ వాళ్లు చూపు లేనివాళ్ల కోసం బ్రెయిలీ వాచీ కూడా చేశారు, అద్దం మూత తెరిచి వేళ్లతో ముళ్లు తడిమి టైము చూసుకునేది. అది కూడా చెప్పు.

కుప్పం_సేకరణ
అవును సార్, కీ ఇచ్చే రకమే. మంచి పని అది.

స్మార్ట్_భవానీనగర్
2000 రూపాయలకు స్మార్ట్‌వాచీ వస్తుంటే ఈ చర్చ అంతా ఎందుకు? నడక లెక్క, గుండె లెక్క, ఫోన్ కాల్ అన్నీ చేతిమీదే.

వార్డు_డ్యూటీ
అవన్నీ కావాలంటే అదే తీసుకోండి, తప్పేం లేదు. కానీ మూడు నాలుగేళ్లకు బ్యాటరీ పోతే వాచీయే పోయినట్టు. తమ్ముడు అడిగింది పదేళ్లు పదిహేనేళ్లు చేతికి ఉండేది.

రేణిగుంట_రైడర్
అవునక్కా. బెంచి అన్నా, బండి మీద తిరిగితే ఆటోమేటిక్ పాడవుతుందా? ఇంకోటి, ఫోన్ పక్కన పెడితే చెడిపోతుందని ఎవరో అన్నారు.

గాంధీరోడ్డు_బెంచి
మామూలుగా బండి తోలితే ఏమీ కాదు తమ్ముడూ. టైము కొట్టేందుకు అటూ ఇటూ ఊగే చిన్న చక్రం ఉంటుంది, బ్యాలెన్స్ వీలు అంటారు, దాని ఇరుసు చివర వెంట్రుకలా ఉంటుంది, దెబ్బ తగిలితే విరిగేది అదే, అందుకే దాని రాయికి స్ప్రింగు కట్టి కూర్చోబెడతారు. సీకోలో డయాషాక్ అంటారు, సిటిజన్‌లో పారాషాక్. సిటిజన్ దగ్గర నేర్చుకున్నారు కాబట్టి పాత హెచ్‌ఎంటీల మీద కూడా పారాషాక్ అని చూస్తారు. బండి అదురు దానికి లెక్కలేదు. షటిల్ ఆడేటప్పుడు, సుత్తి పట్టేటప్పుడు, డ్రిల్లింగ్ మిషన్ పట్టేటప్పుడు మాత్రం తీసేయండి, ఆ పనులకు సెల్ వాచీయే మేలు.

అయస్కాంతం సంగతి నిజం, కొంచెం వివరంగా చెబుతాను. బ్యాలెన్స్ వీలు మధ్యలో హెయిర్‌స్ప్రింగ్ అని చుట్టలు చుట్టుకుని ఉంటుంది, వెంట్రుకంత సన్నం. అది విచ్చుకుంటూ ముడుచుకుంటూ ఉంటేనే టైము. మామూలు మిషన్లలో సెకనుకు ఆరు దెబ్బలు, గంటకు 21,600, కొన్నిటిలో ఎనిమిది, గంటకు 28,800. దానికి అయస్కాంతం పట్టిందంటే చుట్టలు ఒకదానికొకటి అతుక్కుంటాయి, స్ప్రింగు పొట్టిదైనట్టు అవుతుంది, వాచీ రోజుకు నిమిషాలకు నిమిషాలు ఫాస్ట్ పోతుంది. నిన్నటిదాకా బాగుండి ఇవాళ పది నిమిషాలు ముందుకు పోయిందని ఎవరైనా తెస్తే నేను విప్పను, ముందు దిక్సూచి దగ్గర పెట్టి చూస్తాను. ముల్లు ఊగితే అయస్కాంతం పట్టిందనే. చిన్న డబ్బా ఉంటుంది మా దగ్గర, దానిమీద పెట్టి బటన్ నొక్కి మెల్లగా పైకి లేపితే పోతుంది. రెండు నిమిషాల పని. దానికి కొందరు పూర్తి సర్వీసింగ్ డబ్బులు అడుగుతారు, ఇవ్వకండి.

ఫోన్ పక్కన ఉన్నంత మాత్రాన కాదు, స్పీకరు మీద పెట్టడం, అయస్కాంతం మూతలుండే ఫోన్ కవర్లు, హ్యాండుబ్యాగులు, వాటికి ఆనించి రాత్రంతా ఉంచడం. ముళ్ల సెల్ వాచీ కూడా గట్టి అయస్కాంతం దగ్గర ఆగుతుంది, మోటారు అయస్కాంతంతోనే కదా నడిచేది, కానీ దూరం తీయగానే మళ్లీ నడుస్తుంది.

ఈసీఈ_మాస్టారు
మన ఎండల గురించి ఎవరూ అడగలేదు, నేను చెబుతాను. క్వార్ట్జ్‌కి కూడా వేడి పడదు. 25 డిగ్రీల దగ్గర సరిగ్గా కొట్టుకునేలా కోస్తారు, అంతకంటే వేడెక్కినా చల్లబడ్డా రెండు వైపులా కొంచెం స్లో అవుతుంది. మే నెలలో బండి డిక్కీలో 45 డిగ్రీల్లో రోజంతా ఉంటే ఒక సెకను పైచిలుకు వెనకబడుతుంది. చేతికి ఉంటే ఒంటి వేడి వల్ల దాదాపు ఒకే టెంపరేచరులో ఉంటుంది, ఆ గొడవే లేదు. వాచీ చేతికి ఉండాల్సిన వస్తువు, బీరువాలో పెట్టేది కాదు, ఇందులో మాత్రం నేనూ చిత్తూరు సారూ ఒక్కటే.

ఘాట్‌రోడ్డు_స్టీరింగ్
చెమట సంగతి కూడా చెప్పండి అన్నా, నా పాత వాచీ అద్దం లోపల ఆవిరి పట్టింది.

గాంధీరోడ్డు_బెంచి
ఇది తిరుపతి బెంచీకి రోజూ వచ్చే కేసు. యాత్రికులు వాచీతోనే పుష్కరిణిలో మునుగుతారు. వెనక 30 మీటర్లు అని రాసుంటుంది కదా, 30 మీటర్ల లోతుకు పోవచ్చని అనుకుంటారు. అది కొత్త వాచీని కదలకుండా ఉంచి ప్రెషర్ పెట్టి చూసిన లెక్క. వాడకంలో 30 అంటే చేతులు కడిగితే తుంపరలు పడొచ్చు, అంతే. 50 అంటే వానలో తడిసినా భయం లేదు, మునగాలంటే 100 ఉండాలి. అది కూడా కీ లోపలికి నొక్కి ఉన్నప్పుడు. లోపల సన్నటి రబ్బరు రింగు ఒకటుంటుంది, మూత దగ్గర, కీ దగ్గర. చెమట ఉప్పు, ఎండ, రెండూ కలిస్తే అది గట్టిపడి పగులుతుంది. సెల్ మార్చినప్పుడల్లా ఆ రింగుకు సిలికాన్ గ్రీజు పూయమని అడగండి, మార్చేవాడు పూయకుండా మూత నొక్కేస్తే ఆ రోజునుంచి మీ వాచీ నీళ్లు తట్టుకోదు.

నీళ్లు పోయాయా, ఎండలో పెట్టకండి, బియ్యంలో పెట్టకండి. ఆ రోజే తెచ్చేయండి. నిన్న మొన్న తడిసిన వాచీ అయితే విప్పి ఆరబెట్టి నూనె వేస్తే సరిపోతుంది. నెల తర్వాత తెస్తే కీ కాడ తుప్పు పట్టి ఎర్రగా పొడి రాలుతుంది, పళ్లచక్రాల మధ్య ఆ పొడి చేరుతుంది. స్ప్రింగు వాచీకి ఇది ప్రాణం మీదికి వస్తుంది. మామూలు సెల్ వాచీకైతే మిషన్ మొత్తం తీసి కొత్తది వేసేస్తాను, మియోటా 2035 లాంటిది అయితే మూడు నాలుగు వందల్లో పని అయిపోతుంది.

పాతగడియారం_చిత్తూరు
నా మాట అక్కడే ఉంది. మూడొందలకు కొత్త మిషన్ వేసి పంపిస్తే కస్టమరుకు సుఖమే. కానీ అలా వేస్తూ వేస్తూ విప్పి బాగుచేసేవాళ్లు పోతున్నారు. చిత్తూరులో ఒకప్పుడు బజారు వీధిలో గ్లాసు పెట్టెల్లో కూర్చుని కంటికి భూతద్దం పెట్టుకుని పనిచేసేవాళ్లు వరసగా ఉండేవాళ్లు. ఇప్పుడు నా జనతాకి సర్వీసింగ్ చేయించాలంటే తిరుపతి రావాలి. హెయిర్‌స్ప్రింగ్ సరిచేసే చెయ్యి ఒక తరంలో పోతే మళ్లీ యూట్యూబు చూసి రాదు.

గాంధీరోడ్డు_బెంచి
నిజమే సార్. మా నాన్న నాకు మొదటి ఏడాది అంతా ట్వీజర్లు పట్టుకోవడమే నేర్పాడు, బల్ల మీద పడేసిన స్ప్రింగు ముక్కల్ని వంగకుండా ఎత్తిపెట్టమనేవాడు. సెల్ మార్చే పని నేర్చుకుంటామని వచ్చే పిల్లలున్నారు, అంత ఓపికకు ఎవరూ రావట్లేదు. అందుకే తమ్ముడికి నా సలహా కూడా దీన్నిబట్టే. ఆటోమేటిక్ తీసుకుంటే లోపల మిషన్ ఏదో అడిగి తీసుకో. సీకో ఎన్‌హెచ్35, మియోటా 8200 రకాలు ఎన్నో కంపెనీల వాచీల్లో ఉన్నాయి, వాటి సామాను దొరుకుతుంది, ఎక్కడైనా తెలిసినవాళ్లు విప్పగలరు. ఎవరూ వినని మిషన్, వెనక అద్దం పెట్టి బంగారు రంగు పూసి తళతళలాడేవి, వాటి జోలికి పోవద్దు. చక్రాలు కనిపించేలా డయల్ మధ్యలో కోసినవి ఎండలో టైము చదవడానికి కూడా కష్టం.

రేణిగుంట_రైడర్
ఎన్‌హెచ్35 కీ కూడా ఇవ్వొచ్చా అన్నా? సెలవు రోజు పెట్టుకోకపోతే ఆగిపోతుందేమో.

కుప్పం_సేకరణ
ఇవ్వొచ్చు. పాత సీకో 5ల్లో ఉండే 7ఎస్26కి కీ ఇచ్చే వీలు లేదు, చేతిని ఊపితేనే నడిచేది, కీ లాగితే సెకన్ల ముల్లు ఆగదు కూడా. ఎన్‌హెచ్35లో రెండూ ఉన్నాయి. నిండా చుట్టుకుంటే 41 గంటలు నడుస్తుంది. శనివారం రాత్రి తీసిపెట్టి సోమవారం పొద్దున్నే పెట్టుకుంటే ఇంకా నడుస్తూనే ఉంటుంది. కంపెనీ లెక్క రోజుకు 20 సెకన్లు స్లో నుంచి 40 ఫాస్ట్ దాకా, వాడకంలో చాలా వాచీలు అంతకంటే బాగానే నడుస్తాయి. స్విస్ క్రోనోమీటర్ సర్టిఫికెట్ వాచీలకు రోజుకు 4 స్లో నుంచి 6 ఫాస్ట్ లోపు ఉండాలి, అది లక్షల మాట, మనకెందుకు.

ఒక కిటుకు చెబుతాను. రాత్రి తీసిపెట్టేటప్పుడు డయల్ పైకి పెట్టి ఒక వారం చూడు, తర్వాత కీ కిందికి వచ్చేలా నిలబెట్టి ఒక వారం చూడు. బ్యాలెన్స్ వీలు మీద బరువు పడే తీరు మారుతుంది, ఒక పొజిషన్‌లో ఫాస్ట్ పోయేది ఇంకోదానిలో స్లో పోతుంది. పగలు పోగొట్టుకున్నది రాత్రి తిరిగి తెచ్చుకోవచ్చు. తేదీ మాత్రం రాత్రి 9 నుంచి తెల్లవారుజామున 3 మధ్య కీతో మార్చకు, ఆ టైములో తేదీ చక్రం పళ్లు పట్టుకుని ఉంటాయి, విరుగుతాయి. నైట్ షిఫ్టులో గుర్తుపెట్టుకో.

ఈసీఈ_మాస్టారు
సెల్ మార్చే గొడవే వద్దంటే సోలార్ క్వార్ట్జ్ ఉంది కదా, సిటిజన్ ఎకోడ్రైవ్ లాంటివి. డయల్ కిందే వెలుతురు పట్టే పలక ఉంటుంది. మన ఊళ్లో వెలుతురుకు కరువా? ఈ బడ్జెట్లో వస్తాయి. కచ్చితమైన టైమూ ఉంటుంది, సెల్ మార్చడమూ ఉండదు. నా ఓటు దానికే, చివరిదాకా.

అలిపిరి_మెట్లు
కొంచెం పక్క విషయం. హుండీలో, గుళ్లలో భక్తులు వేసిన వాచీలు టీటీడీ ఈ-వేలంలో అమ్ముతుంది కదా, అందులో మంచి వాచీలు చవకగా దొరుకుతాయా?

గాంధీరోడ్డు_బెంచి
అవి లాట్ల లెక్కన వేస్తారు, కొత్తవి, వాడినవి, కొంచెం దెబ్బతిన్నవి అని. ఒక్క వాచీ ఏరుకోవడానికి కాదు, వ్యాపారం చేసేవాళ్లకు. చాలావరకు క్వార్ట్జే ఉంటాయి, ఆగిపోయిన సెల్‌తో ఎన్నాళ్లు ఉన్నాయో ఎవరికి తెలుసు. ఇంటికి ఒక్క వాచీ కావాలంటే ఆ దారి వద్దు. స్వామికి ఇచ్చింది అని భక్తితో కొంటే అది వేరే.

పలమనేరు_అబ్బాయి
అన్నలూ, ఈ చర్చ చదివి ఒకటి అడుగుతున్నా. మా తాత హెచ్‌ఎంటీ పైలట్ మా ఇంట్లో ఉంది, నల్ల డయల్, అద్దం గీతలు పడి పసుపెక్కింది. కీ తిరగట్లేదు, గట్టిగా ఉంది. ఆన్‌లైన్‌లో ఒకాయన నా వాచీ తీసుకుని దాని బదులు కొత్తలా మెరిసే నీలం డయల్ పైలట్ ఇస్తానంటున్నాడు, కొంచెం డబ్బు వేసుకోవాలంట.

కుప్పం_సేకరణ
ఇవ్వకు! దయచేసి ఇవ్వకు. ఆన్‌లైన్‌లో మెరిసే నీలం, నారింజ, ఆకుపచ్చ డయల్ హెచ్‌ఎంటీలు చాలావరకు పాత డయల్ గీకి మళ్లీ రంగు వేసి అక్షరాలు అచ్చు గుద్దినవి. భూతద్దం పెట్టి చూస్తే తెలుస్తుంది. అక్షరాల అంచులు ముద్దగా ఉంటాయి, నిమిషాల గీతలు అంకెలకు ఎదురుగా సరిగ్గా రావు, వెనక మూత అరిగిపోయి ఉంటే డయల్ మాత్రం నిన్న చేసినట్టు ఉంటుంది. ముళ్లు వేరే వాచీవి వేస్తారు. మీ తాతది ఎవరూ చెయ్యి పెట్టని వాచీ, మాలాంటివాళ్లు వెతుక్కునేది అలాంటిదే. డయల్‌కి రంగు వేయిస్తానని ఎవరన్నా ఒప్పుకోవద్దు, పాతగానే ఉండనీ.

పాతగడియారం_చిత్తూరు
అద్దం గురించి బెంగపడకు నాయనా. పాత హెచ్‌ఎంటీ అద్దం ప్లాస్టిక్‌ది, పాలిష్ పేస్టు గుడ్డకు రాసి మెల్లగా రుద్దితే గీతలు పోతాయి. పసుపెక్కితే కొత్తది వేయించుకో, తక్కువే అవుతుంది.

రేణిగుంట_రైడర్
అందరికీ థాంక్స్. శనివారం తీసేసుకున్నా. ఎన్‌హెచ్35 మిషన్, తెల్ల డయల్, 100 మీటర్లు, తోలు బెల్టు వద్దని రబ్బరు బెల్టు వేయించుకున్నా, చేతులు కడగడం ఎక్కువ కదా. నర్సక్క అన్న మాటే నాకు పనికొచ్చింది, నా పనిలో సెకను లెక్క అక్కర్లేదు, రోజూ చేతికి ఉంటుంది, బాగుచేసే మనిషి మా ఊళ్లోనే ఉన్నాడు. మాస్టారూ, మా చెల్లెలికి సోలార్ క్వార్ట్జ్ అడుగుతా మీ దగ్గర, తను వారానికి రెండు రోజులే వాచీ పెట్టుకుంటుంది.

ఈసీఈ_మాస్టారు
సంతోషం తమ్ముడూ. చెల్లెలికి సోలార్ సరిగ్గా సరిపోతుంది, కాకపోతే డ్రాయర్‌లో కాకుండా కిటికీ దగ్గర వెలుతురు తగిలేచోట పెట్టమని చెప్పు, నేరుగా ఎండలో కాదు.

గాంధీరోడ్డు_బెంచి
పలమనేరు తమ్ముడూ, కీ గట్టిగా ఉందన్నావు కదా, బలవంతంగా తిప్పకు. నూనె జిగురైపోయి ఉంటుంది, లేదా స్ప్రింగు నిండా చుట్టుకుని మధ్యలో ఏదో చక్రం పట్టేసి ఉంటుంది. ఎవరో చెప్పారని లోపల కొబ్బరినూనె, కుట్టుమిషన్ నూనె వేయొద్దు, అది రాళ్లనుంచి పాకి హెయిర్‌స్ప్రింగ్ మీదికి పోతుంది. గుడ్డలో చుట్టి అలాగే తీసుకురా. ఆదివారం బెంచి ఉండదు, మామూలు రోజుల్లో పొద్దున పూట రా, పగటి వెలుతురులో నీ ముందే విప్పి ఏం పోయిందో చూపిస్తా. ఆ తర్వాతే డబ్బుల మాట.